ఖారా బన్ సెంటు: ఒక ప్రాజెక్టు డైరీ

సంక్రాంతి అయ్యాక

బెంగళూరు అయ్యంగార్ బేకరీల్లో దొరికే ఖారా బన్, అంటే ఆకులు, మిరప వేసిన కారపు బన్ను, దాని వాసనను ఒంటికి రాసుకునే సెంటుగా తయారు చేయాలి. ఇదీ పని. కాలిన రొట్టె పైపొర, కరివేపాకు, కొత్తిమీర, సబ్బసిగె సొప్పు (సోయకూర), కాస్త పచ్చిమిరపకాయ. తీపి వద్దు, వనిల్లా అసలే వద్దు. పక్కన కూర్చున్న మనిషి "ఏదో బాగుందే, ఏంటది?" అని అడగాలి. ఎవరి టిఫిన్ బాక్సు మూత ఊడిందా అని బ్యాగులు వెతుక్కోకూడదు.

తిండి వాసన సెంట్లు ఇవాళ్టివి కావు. 1992లో థియరీ ముగ్లర్ కంపెనీ ఏంజెల్ అనే సెంటు తెచ్చింది. పీచుమిఠాయి వాసనిచ్చే ఇథైల్ మాల్టాల్‌ను అందులో ధారాళంగా వాడారు. అది అమ్ముడుపోయిన తీరు చూసి మిగతా కంపెనీలన్నీ చాక్లెట్, కారమెల్, బాదం అంటూ మిఠాయి కొట్టు వైపే నడిచాయి. ఉప్పూకారం వైపు వచ్చినవాళ్లు తక్కువ. రొట్టె, పిండి జోలికి వచ్చినవాటిలో నాకు ముఖ్యమైనవి రెండు. ఒకటి లార్టిజాన్ పర్ఫ్యూమర్ వాళ్ల బ్వా ఫరీన్, 2003లో జాన్ క్లోడ్ ఎలెనా చేసింది. రియూనియన్ దీవిలో ఒక చెట్టు పూలు అచ్చం పిండి వాసన వేస్తుంటే ఆయనకు ఆ ఆలోచన తట్టిందట. రెండోది సెర్జ్ లుటెన్స్ పేరు మీద క్రిస్టఫర్ షెల్డ్రేక్ 2011లో చేసిన జూ ద పో, దాని వాసన వెన్న రాసి కాల్చిన రొట్టెది. రెండూ గొప్ప పనులే. కానీ కాసేపయ్యేసరికి రెండూ తియ్యటి చెక్క వాసనలోకి దిగిపోతాయి. ఆకులు లేవు, కారం లేదు.

రొట్టె, ఆకులు అనగానే ఇటలీవాళ్లకు రోజ్‌మేరీ చల్లిన ఫొకాచా గుర్తొస్తుంది. బెంగళూరులో ఉండేవాళ్లకు ఆ జంట బేకరీ గాజు అల్మారాలో ఎప్పటి నుంచో ఉంది. హాసన్ జిల్లా నుంచి వచ్చిన అయ్యంగార్లు ఇక్కడ బేకరీలు పెట్టారు. 1898లో చిక్‌పేటలో పెట్టినదాన్ని మొదటిదిగా చెబుతారు. వి.వి.పురంలోని వి.బి. బేకరీ 1953 నాటిది. గుడ్డు తగలని బేకరీ సరుకు, అందులోకి ఉల్లి, మిరప, కరివేపాకు, కొత్తిమీర. కొన్నిచోట్ల సబ్బసిగె సొప్పు కూడా వేస్తారు. తెలంగాణలో దీన్ని సోయకూర అంటారు, ఇంగ్లీషులో డిల్. మాది హిందూపురం కాబట్టి మా ఇంట్లో కన్నడ పేరే నడుస్తుంది.

ఇంట్లో సెంట్లు కలపడం నాకు కొత్త కాదు. వట్టివేరుతో, సాంబ్రాణితో చిన్న చిన్నవి చేస్తూనే ఉన్నాను. తినే వాసన ముట్టుకోవడం మాత్రం ఇదే మొదలు.

జనవరి చివర

ముందు బన్ను విడగొట్టి చూసుకోవాలి. వి.వి.పురం వెళ్లి వేడి బన్ను కొన్నాను. నేషనల్ కాలేజీ మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచిపోయేంత దూరం. చీకటి పడ్డాక వెళితే తిండి బీదిలో (అక్కడి తినుబండారాల వీధి) దోసె, హోళిగె, జామూన్ అన్నీ కలిసి ముక్కు పనిచేయదు. అందుకే పొద్దున్నే వెళ్లాను. ఇంటికొచ్చి పైపొర ఒక గాజు సీసాలో, లోపలి మెత్తటి భాగం ఇంకోదాంట్లో వేసి మూత పెట్టి, కాసేపాగి వాసన చూశాను. ఒకే బన్ను అయినా రెండు వేరే వేరే వాసనలు.

దీనికి కారణం వేడి. లోపలి భాగం తడి ఉన్నంతసేపూ 100 డిగ్రీలు దాటదు. పైపొర తడారిపోయి 140 డిగ్రీలు దాటాక అక్కడ చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి ఎర్రబడతాయి. 1912లో లూయీ కామీయ్ మెయిలార్డ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించిన చర్య ఇదే. రొట్టె పైపొర, వేయించిన పల్లీలు, కాఫీ గింజలు, దోసె అంచు, అన్నిటి వెనకా ఉండేది ఆ మెయిలార్డ్ రియాక్షనే.

పైపొర వాసనలో పెద్ద పాత్ర 2-అసిటైల్-1-పిరోలిన్ అనే పదార్థానిది. బాస్మతి బియ్యం వాసన కూడా దానిదే. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన రాన్ బటరీ బృందం 1980ల మొదట్లో వండిన అన్నంలో దీన్ని పట్టుకుంది. పాప్‌కార్న్‌లో, పాండన్ ఆకుల్లో కూడా ఇదే. ఆ పాండన్ మన మొగలిపువ్వుకు దగ్గరి చుట్టం, అయితే మొగలి వాసన మాత్రం వేరే పదార్థం వల్ల వస్తుంది. ఇది చదివాక మా వదినకు ఫోన్ చేశాను. ఆమె జయనగర్‌లో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది, ముక్కు కూడా పదునైనది.

"ఆ పిరోలిన్ కొనాలని చూడొద్దు అబ్బీ, నిలవుండదు, గాలి తగిల్తే పాడైపోతాది. దానికి చెల్లెలు ఒకటుంది, అసిటైల్ పైరజీన్. అది తెప్పించుకో" అంది.

లోపలి భాగం సంగతి ఇంకా సరదాగా ఉంది. ఈస్ట్ పిండిని పులియబెట్టేటప్పుడు ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ తయారవుతుంది. గులాబీ నీళ్లలో ముఖ్యమైన వాసన అదే. అంటే రొట్టె మెత్తదనం కోసం సెంటులో గులాబీ పదార్థం పోయాలి. కొద్దిగా పోస్తే పిండి పులిసిన వాసనకు ఒక గుండ్రదనం వస్తుంది, ఎక్కువైతే పెళ్లిపందిట్లో పన్నీరు.

ఫిబ్రవరి మొదట్లో

సరుకు కొనడం. చిక్‌పేట చుట్టుపక్కల సందుల్లో అగరుబత్తీలు చేసేవాళ్లకు నూనెలు, రసాయనాలు అమ్మే కొట్లున్నాయి. బెంగళూరు, మైసూరు అగరుబత్తీలకు పెద్ద కేంద్రాలు కాబట్టి ఇక్కడ ఈ సరుకు దొరకడం తేలిక. అక్కడ ధనియాల నూనె, మిరియాల నూనె, దేవదారు, వట్టివేరు తీసుకున్నాను. కరివేపాకు నూనె అడిగితే కొట్టాయన ఒకసారి తలెత్తి చూశాడు. జుట్టుకా అన్నాడు. సెంటుకు అంటే నవ్వి, లోపలి నుంచి చిన్న సీసా తెచ్చాడు. పైరజీన్లు (కాల్చిన వాసనిచ్చేవి), లాక్టోన్లు (పాలు, నెయ్యి ఛాయ ఇచ్చేవి) ఆన్‌లైన్‌లో తెప్పించాను.

ఆల్కహాల్ గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. సెంటుకు కావాల్సింది దాదాపు నీళ్లు లేని ఇథనాల్. అది మామూలు మనిషి కొట్టుకెళ్లి కొనుక్కునే వస్తువు కాదు, ఎక్సైజ్ లైసెన్సులు కావాలి. తాగడానికి పనికిరాకుండా వేరే పదార్థం కలిపి పర్ఫ్యూమర్స్ ఆల్కహాల్ పేరుతో అమ్ముతారు, ఇంటి ప్రయోగాలకు అదే దారి. మెడికల్ షాపు స్పిరిట్ ఎక్కువగా ఐసోప్రొపైల్, దాని ఘాటే సెంటును మింగేస్తుంది.

వెన్న వాసన కోసం డయాసిటైల్ వాడమని చాలామంది చెబుతారు. నేను దాని జోలికి పోలేదు. 2000లో అమెరికాలోని మిస్సోరీలో ఒక పాప్‌కార్న్ ఫ్యాక్టరీ కార్మికుల ఊపిరితిత్తులు దెబ్బతిన్నప్పుడు, విచారణ తేలింది ఈ వెన్న వాసన ఆవిరి దగ్గరే. తినేటప్పుడు ఇబ్బంది లేని పదార్థం పీల్చేటప్పుడు కూడా అలాగే ఉంటుందని లేదు. సెంటు అంటేనే పీల్చే వస్తువు. నెయ్యి ఛాయ కోసం డెల్టా డెకాలాక్టోన్ చాలు.

శివరాత్రి దాకా

ఇంట్లో నానబెట్టినవాటి సంగతులు.

రొట్టె పైపొర: ఖారా బన్నులో కొవ్వు ఎక్కువ, ఆల్కహాల్‌లో నానితే పాత నూనె వాసన కొడుతుందని ముందే అనుమానం. అందుకే నూనె తక్కువుండే మామూలు బ్రెడ్డు అంచులు తీసుకుని, పెనం మీద ముదురు రంగొచ్చేదాకా వేడి చేసి, పొడి కొట్టి నానబెట్టాను. చక్కటి తేనె రంగు దిగింది. వాసన మాత్రం రంగులో పదో వంతు లేదు. బేకరీ ముందు నడుస్తుంటే మన ముక్కును పట్టుకునేది గాల్లోకి ఎగిరిపోతున్న భాగం, పొడి కొట్టే సమయానికి అది వెళ్లిపోయి ఉంటుంది. మిగిలింది గట్టి కాఫీ డికాక్షన్ అడుగున ఉండే చేదు ఛాయ. దాన్ని పారబోయలేదు. రసాయనాలతో కట్టిన రొట్టె వాసన మరీ శుభ్రంగా ఉంటే కొంచెం మసి పూయడానికి పనికొస్తుంది.

మెంతులు: ఇది మాత్రం రాక్షసి. దోరగా వేయించి నానబెడితే రెండో రోజుకే గదంతా పట్టుకుంది. మెంతుల్లోని సోటోలాన్ అతి తక్కువ మోతాదులోనే ముక్కుకు తగులుతుంది. మెంతులు బాగా తింటే అదే వాసన చెమటలో, మూత్రంలో బయటకొస్తుంది. సెంటులో దీన్ని చుక్కల్లో కాదు, చుక్కను మళ్లీ పలుచన చేసి కొలవాలి. చిన్న మోతాదులో రొట్టె పైపొరకు ఇదొక బంగారు రంగు ఇస్తుంది. మోతాదు మించితే మేపుల్ సిరప్, అంటే మళ్లీ తీపి.

కరివేపాకు: పచ్చి ఆకు ఆల్కహాల్‌లో వేస్తే ముందు పచ్చగా, తర్వాత బురద రంగులోకి మారింది. పచ్చగడ్డి వాసన. ఎండు ఆకు వేస్తే ఎండు ఆకు వాసన. రెండిట్లోనూ పోపులో ఆకు పడిన క్షణం లేదు.

కరివేపాకు ఎందుకిలా తప్పించుకుంటుందో వెతికాను. నూనెలో మోతాదు ప్రకారం చూస్తే కారియోఫిలీన్, పైనీన్ లాంటివే ఎక్కువ, కానీ అవి మిరియాల్లో, దేవదారు జాతి చెట్లలో కూడా ఉంటాయి. కరివేపాకును కరివేపాకుగా నిలబెట్టేది గంధకం ఉన్న ఒక పదార్థమని, అది 1-ఫినైల్ ఇథేన్ థయోల్ అని 2015లో జర్మనీలో మార్టిన్ స్టైన్‌హాస్ తేల్చాడు. మోతాదులో లెక్కలోకి రానంత తక్కువ, వాసనలో అదే రాజు. చిక్‌పేట నుంచి తెచ్చిన నూనెలో ఆ గంధకపు కొస కొద్దిగా మిగిలే ఉంది. ఇంట్లో నానబెట్టినదాని కంటే అదే నయం.

మార్చి, ఎండలు మొదలు

రొట్టె భాగం కట్టడం పూర్తయింది. ఇది రాయాల్సిన ఎంట్రీ, ఎందుకంటే పలుచన చేసుకోవడం మీదే మొత్తం ఆధారపడి ఉంది.

అసిటైల్ పైరజీన్‌ను నేరుగా కలిపితే సినిమా హాల్ ఇంటర్వెల్ పాప్‌కార్నే. అందుకని దాన్ని 1 శాతానికి పలుచన చేసుకున్నాను. ట్రైమిథైల్ పైరజీన్ కూడా అంతే, అది వేయించిన పల్లీ పొట్టు, కోకో వైపు లాగుతుంది. నా తూకం మిషన్ 0.01 గ్రాము దాకా చూపిస్తుంది. అంతకంటే చిన్న మోతాదులు కావాలంటే పలుచన చేసుకోవడం తప్ప దారి లేదు. 1 శాతం ద్రావణం 0.04 గ్రాము వేస్తే అసలు పదార్థం 0.0004 గ్రాము పడుతుంది. ఇంత తక్కువలో కూడా బ్లాటర్ (వాసన చూసే కాగితం) పట్టీ మీద మర్నాటి దాకా వాసన ఉంది. సెంట్ల పనిలో ఘాటైనవాటిని ఎవరికీ తెలియనంతగా దాచడమే సగం నైపుణ్యం.

పైరజీన్లు, ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్, చిటికెడు డెకాలాక్టోన్, మెంతుల నానుడు. పట్టీ మీద ఉంచి వదినకు ఇచ్చాను, ఏమిటో చెప్పలేదు.

"బాస్మతి అన్నం గంజి వార్చినట్టుందే" అంది మొదట. కాసేపాగి, "కాదు కాదు, పొద్దున్నే పాల ప్యాకెట్టు కోసం పోతే బేకరీ షట్టర్ సగం ఎత్తింటారు సూడు, అప్పుడొస్తాది ఇది" అంది.

ఆ రెండో మాట కోసమే కదా ఈ తంటా అంతా. మొదటి మాట కూడా తప్పు కాదు, పిరోలిన్ చెల్లెలు కాబట్టి.

ఒక చిన్న విషయం. వరసగా వాసనలు చూస్తుంటే ముక్కు మొద్దుబారుతుంది. సెంటు కొట్లలో కాఫీ గింజలు పెట్టి ఇస్తారు గానీ, అవి మామూలు గాలి కంటే ఎక్కువేమీ చేయవు. మోచేతి మడతలో ముక్కు పెట్టి రెండుసార్లు ఊపిరి పీలిస్తే చాలు. ఇంట్లో పోపు వేసే టైముకు ఈ పని పెట్టుకోకపోవడం అంతకంటే ముఖ్యం.

ఉగాది ముందు వారం

ఆకుల వంతు. ఇది త్వరగానే కుదిరింది, అనుకున్నంత కష్టం లేదు.

కొత్తిమీర ఆకు వాసన ఆల్డిహైడ్లది, కొందరికి అది సబ్బు వాసనగానే తగులుతుంది. సెంటులో పెడితే ఆ సబ్బు గుణం ఇంకా పైకొస్తుంది. కాబట్టి ఆకును వదిలి ధనియాల నూనె తీసుకున్నాను. అందులో సగానికి పైగా లినలూల్, లావెండర్‌లో ఉండేదే. ఒంటి మీద హాయిగా కూర్చుంటుంది. తిండికీ సెంటుకీ మధ్య వంతెన దొరికింది అనిపించింది. సబ్బసిగె నూనె, మొత్తం మిశ్రమం 100 పాళ్లు అనుకుంటే, రెండు పాళ్లు చాలు. గాంధీ బజార్‌లో అమ్మే సొప్పు కట్టను నలిపితే వచ్చే పచ్చి చల్లదనం దీనితో చాలావరకు వచ్చింది. అవరెకాయి (అనపకాయ) సీజన్‌లో ఇక్కడివాళ్లు సబ్బసిగె లేకుండా వంట చేయరు, అందుకేనేమో ఈ వాసన తగలగానే బెంగళూరు అనిపిస్తుంది.

పచ్చిమిరప దగ్గర ఒక చక్కటి విషయం తెలిసింది. మిరప మంట కాప్సైసిన్‌ది, దానికి వాసన లేదు. కోసినప్పుడు వచ్చే పచ్చి వాసన మాత్రం ఐసోబ్యూటైల్ మిథాక్సీ పైరజీన్‌ది. 1969లో బెంగళూరు మిర్చిలో, అంటే క్యాప్సికంలో, దాన్ని గుర్తించింది కూడా పైన చెప్పిన బటరీ బృందమే. నీటిలో లక్ష కోట్ల వంతుల్లో రెండు వంతులుంటే చాలు, మనిషి ముక్కు పట్టేస్తుంది. నేను 0.01 శాతానికి పలుచన చేసి అందులో ఒక పాలు వేశాను. అంతకు ముందు రొట్టె, ఆకులు ఎవరి దారిన వాళ్లున్నట్టుండేవి. ఈ ఒక్క పాలు పడగానే కలిసిపోయాయి. ఎందుకంటే ఇదీ పైరజీనే, రొట్టె వైపు చుట్టరికం ఉంది, ఆకుల వైపూ ఉంది.

ఉగాది మర్నాడు

ఇక అసలు గొడవ ఉల్లిపాయతో.

ఖారా బన్నులో ఉల్లి లేకపోతే ఎలా? పిండిలో మగ్గి, అంచుల్లో మాడిన ఉల్లి వాసన ఆ బన్నుకు ప్రాణం. ఉల్లి నూనె ఫ్లేవర్ సరుకుగా దొరుకుతుంది. బాగా పలుచన చేసి, జాడగా ఒక శాంపిల్‌లో కలిపాను. జీలకర్ర నూనెతో ఇంకో శాంపిల్. బ్లాటర్ మీద రెండూ అద్భుతం. ఉల్లి ఉన్నది కళ్లు మూసుకుంటే బన్నే.

పండక్కి ఇంటికొచ్చిన వదిన ముందు మణికట్టు మీద ఉల్లి ఉన్నది పూసుకుని చేయి చాపాను.

"స్నానం చేసినావా లేదా పండగ పూట?"

"చేసినా వదినా! సెంటు వదినా ఇది."

"సెంటు అయితే ఏంది, బస్సులో పైకమ్మి పట్టుకున్నోళ్ల పక్కన నిలబడినట్టుంది."

కాగితం మీద బన్ను, ఒంటి మీద చెమట. ఆమె నవ్వాపి దీన్ని వివరించింది కూడా. చంకల్లో చెమటను బాక్టీరియా తినేటప్పుడు గంధకమున్న ఒక పదార్థం విడుదలవుతుంది, దానికి ఉల్లి వాసన ఉంటుంది. 2004లో దాన్ని గుర్తించారు. మన ముక్కు సందర్భం చూసి తీర్పు చెబుతుంది. పళ్లెంలో గంధకం తగిలితే కూర అనుకుంటుంది, చర్మం మీద తగిలితే ఈ మనిషి ఉతకని చొక్కా వేసుకున్నాడు అనుకుంటుంది. జీలకర్రకూ ఇదే తంటా. 1951లో ఎడ్మండ్ రుడ్నిట్స్కా చేసిన ఓ ద హెర్మెస్ అనే సెంటులో జీలకర్ర ఉంది. దాన్ని నెత్తిన పెట్టుకునేవాళ్లున్నారు, చెమట అని ముఖం తిప్పుకునేవాళ్లూ ఉన్నారు. రుడ్నిట్స్కా అంతటివాడు కావాలని ఆ గీత మీద నడిచాడు. నేను నడవదలచుకోలేదు.

కారం వాసన సెంట్లు తక్కువగా ఎందుకు వస్తాయో నాకు ఇక్కడ అర్థమైంది. తీపి వాసన ఒంటి మీద ఎంత ఎక్కువైనా మనిషి మురికిగా ఉన్నాడని ఎవరూ అనుకోరు. ఉల్లి, వెల్లుల్లి, ఇంగువ, జీలకర్ర, ఇవన్నీ మన వంటకు నాలుగు కాళ్లు, కానీ శరీరం తనంతట తాను పుట్టించే వాసనలకు మరీ దగ్గర. తిండిని ఒంటి మీదకు తేవాలంటే దాన్నుంచి శరీరానికి చుట్టమైన భాగాన్ని తీసేయాలి. అయ్యంగార్ బేకరీ బన్నులోంచి ఉల్లి తీసేస్తున్నాను. మడి కట్టుకున్న పాతకాలపు వంటింట్లో ఉల్లి ఎటూ ఉండేది కాదు, కాబట్టి మరీ అపచారం కాదనే నా సమాధానం.

ఒక మెలిక ఉంది. కరివేపాకులో కూడా గంధకమే కదా? అవును, అందుకే దాన్ని ఐదు పాళ్ల నుంచి మూడుకు తగ్గించాను. మూడు దగ్గర అది ఆకుగా ఉంటుంది. ఐదు దగ్గర వదిన కనుబొమలు ముడిపడతాయి.

ఏప్రిల్

ఉల్లి ఖాళీ చేసిన చోటు ఏదో ఒకటి నింపాలి. బన్నులో ఉల్లి చేసే పని మాడిన అంచు, తేమ, కొంచెం తియ్యదనం. తియ్యదనం వద్దనుకున్నాం. మాడిన అంచును వట్టివేరు ఇచ్చింది. పొగ, మట్టి, వేరు, మూడూ ఉన్న నూనె అది. పక్కన దేవదారు, ఐసో ఈ సూపర్ అనే పల్చటి చెక్క వాసన పదార్థం, కొద్దిగా అంబర్ ఛాయ ఇచ్చే ఆంబ్రాక్సాన్.

సాంబ్రాణి కూడా చూశాను, ఇంట్లో ఉందని. సాంబ్రాణిలో వనిల్లా ఛాయ ఉంటుంది. అది తగలగానే బన్ను కాస్తా కేకు ముక్క అయింది. అయిదు నిమిషాల్లో పక్కన పెట్టాను. చందనం బాగుండేది, కానీ దాని ధరకు ఈ ప్రాజెక్టు మొత్తం రెండుసార్లు చేయొచ్చు. పైగా చందనం మెత్తబరుస్తుంది. నాకు కావాల్సింది కరకరలాడే పొడిదనం.

ఉప్పు మిగిలింది. ఉప్పుకు వాసన లేదు, అది గాల్లోకి లేవదు. సెంటులో ఉప్పు అంటే అందరూ సముద్రాన్ని గుర్తుచేసి సరిపెడతారు. సముద్రపు గాలి వాసనిచ్చే కాలోన్ అనే పదార్థం 1 శాతం ద్రావణం అర పాలు వేశాను. ఎక్కువైతే పుచ్చకాయ. అర పాలు దగ్గర మాత్రం రొట్టె మీద ఏదో చల్లిన భ్రమ కలుగుతుంది. ఇది నిజంగా పనిచేస్తోందా, నేను అనుకోవడమేనా అని తేల్చడానికి కాలోన్ ఉన్నదీ లేనిదీ రెండు పట్టీలు గుర్తులు లేకుండా ఆఫీసులో ఇచ్చాను. ఉన్నదాన్నే ఎక్కువమంది దగ్గరికి తీసుకున్నారు. ఉప్పు అని ఎవరూ అనలేదు. "ఇది తినాలనిపిస్తోంది" అన్నారు.

మే

వేసుకుని తిరగడం. కలిపిన గాఢ మిశ్రమాన్ని ఆల్కహాల్‌లో 12 శాతంగా పోసి, చీకట్లో కొన్ని వారాలు ఉంచాక మొదలుపెట్టాను. ఉంచడం వల్ల పైరజీన్ల ముక్కుపోటు తగ్గి లోపలికి వెళ్లింది.

బెంగళూరు పొద్దున్న చల్లగా ఉంటుంది కాబట్టి మొదటి అరగంట ధనియాలు, సబ్బసిగె తీరిగ్గా విచ్చుకుంటాయి. బనశంకరిలో మెట్రో ఎక్కేటప్పుడు ఆకులు, మెజెస్టిక్‌లో మారేసరికి రొట్టె. ఏసీ ఆఫీసులో మధ్యాహ్నం దాకా చొక్కా కాలర్ దగ్గర పొడి రొట్టె, వట్టివేరు. పక్క సీటాయన "కింద కొత్త బేకరీ ఏమన్నా పెట్టారా" అని అడిగాడు. సెంటు అని చెబితే నమ్మలేదు, మణికట్టు చూపించాల్సి వచ్చింది.

హిందూపురంలో గృహప్రవేశానికి వేసుకెళ్లినప్పుడు కథ మారింది. మే ఎండ, హోమం పొగ, జనం. ఆకులు పావుగంటలో ఎగిరిపోయాయి. రొట్టె మాత్రం రెట్టింపైంది. పెద్దమ్మ దగ్గరికి పిలిచి, "ఒంట్లో బాగుందా నాయనా, ఆకలైతాందా, ఏమన్నా తిన్నావా?" అని అడిగి, అడిగిన నోటితోనే పళ్లెం పెట్టించింది. ఆమెకు వాసన తగిలిందో, నా ముఖం చూసి అడిగిందో చెప్పలేను. తెలిసిందేమంటే ఎండ ఊళ్లలో పైరజీన్లు సగానికి తగ్గించాలి, మిరియాల నూనె పెంచాలి.

చర్మం మీద కంటే నూలు బట్ట మీద ఇది బాగా నిలుస్తుంది. ఆకులు ఎక్కువసేపు ఉంటాయి, చెమటతో కలవదు. మెంతుల నానుడుకు రంగుంది కాబట్టి తెల్ల చొక్కా లోపలి వైపే కొట్టుకోవాలి. మొదటిసారి వేసుకునేవాళ్లు మోచేతి లోపల చుక్క వేసి ఒక రోజు ఆగాలి. దురద లేకపోతేనే ముందుకు. నూనెలు మూలిక సరుకే కదా అని నేరుగా పూసుకోవడం అసలు వద్దు.

జూన్, వానలు

ప్రస్తుతం నిలబడిన పాళ్లు, ఆల్కహాల్ పోయకముందు గాఢ మిశ్రమం 100 భాగాలకు. ఐసో ఈ సూపర్ 25, దేవదారు 18, ఆంబ్రాక్సాన్ 10 శాతం ద్రావణం 12, వట్టివేరు 10, ధనియాల నూనె 8, ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ 6, మిరియాల నూనె 4, అసిటైల్ పైరజీన్ 1 శాతం ద్రావణం 4, కరివేపాకు నూనె 3, డెకాలాక్టోన్ 10 శాతం ద్రావణం 3, సబ్బసిగె నూనె 2, పలుచన చేసిన మెంతుల నానుడు 2, ట్రైమిథైల్ పైరజీన్ 1 శాతం ద్రావణం 1.5, మిరప పైరజీన్ 0.01 శాతం ద్రావణం 1, కాలోన్ 1 శాతం ద్రావణం 0.5. చూడండి, తిండి అనదగినవన్నీ కలిపినా మొత్తంలో దాదాపు మూడో వంతే. మిగతాదంతా చెక్క, వేరు. రొట్టె నిలబడింది వాటి మీదే.

వదిన తన సీసాలో కరివేపాకు ఇంకో పాలు తగ్గించి, ధనియాలు పెంచమంది. కాలేజీకి వేసుకెళ్తుందట, పిల్లల ముందు ఆకలి పుట్టించే సెంటు పద్ధతి కాదంటుంది. ఆమెది వేరే సీసాగా కలిపిచ్చాను.

ఈ వారం సబ్బసిగె నూనె కొత్త సీసా తెరిచాను. కొట్టాయన ఈసారి ఆకు నూనె బదులు గింజ నూనె ఇచ్చాడు. గింజలో కార్వోన్ అనే పదార్థం ఎక్కువ, పచ్చి చల్లదనం తగ్గి సోంపు వైపు లాగుతోంది. 2 పాళ్లు వేస్తే భోజనం అయ్యాక నోట్లో వేసుకునే ముఖ్వాస్ గుర్తొస్తోంది. 1.2కు తగ్గించి, మిగిలిన 0.8 ధనియాలకు కలిపాను. ఆకు నూనె దొరికేదాకా ఇలాగే నడుస్తుంది.